మనోవ్యాధిగ్రస్తుని స్వాతంత్ర్యము - అంతర్జాలము

శరీరమునకు వ్యాధి వచ్చినపుడు మానవుడు ఆరోగ్యమును కోల్పోవును. మనస్సునకు వ్యాధి వచ్చినపుడు ఆరోగ్యముతోబాటు మఱియొకదానిని కూడ కోల్పోవుచున్నాడు. అది తన మాటకు గల విలువ. జ్వరపడినవాడు తలనొప్పిగా నున్నదని చెప్పినచో ఇంటిలో నందఱును నమ్ముదురు. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధికి ఒక్కమారు చికిత్స పొందినవాడు "ఈ మందు నాకు పడుటలేదు, చేతులు వణకుచున్నవి, పగలంతయు నిద్ర వచ్చుచున్నది" అని చెప్పినచో, అది మందు వలన కలిగిన బాధయో రోగలక్షణమో యని ముందుగా సందేహింతురు. అతడు కోపించినచో వ్యాధి. మౌనముగా నున్నచో వ్యాధి. కొంచెము గట్టిగా నవ్వినను ఇరుగుపొరుగువారు ఒకరి ముఖ మొకరు చూచుకొందురు. అతనిని గుఱించి వైద్యునితో తండ్రి మాటాడును, తల్లి మాటాడును, అన్నగారు మాటాడుదురు. అతడు ఆ గదిలోనే కుర్చీలో కూర్చుండి యుండును. అతని నెవ్వరును అడుగరు.

ఈ నష్టమును మందు తీర్చజాలదు. మందు వలన నిద్ర పట్టును, చెవిలోని స్వరములు తగ్గును, భయము శాంతించును. అది చిన్న మేలు కాదు. దానిని తక్కువచేసి మాటాడువారు ఆ వ్యాధిని దగ్గఱగా చూచినవారు కారు. కాని తన మాటను నలుగురు వినునట్టి స్థితి సీసాలో రాదు. దానిని తోడి మానవులే ఇయ్యవలెను. ఇంటిలోను, ఊరిలోను అది దొరకనివానికి నేడు ఒక క్రొత్త స్థలమున, అనగా అంతర్జాలమున, కొంతవరకు దొరకుచున్నది. ఇది ఎంతవరకు నిజమైన బలము, ఎంతవరకు భ్రమ? మఱియు, అతని మేలు కోరి ఆ సాధనమును అతని చేతినుండి తీసికొనుటకు ఇంటివారికి అధికార మున్నదా? ఈ రెండవ ప్రశ్న చిన్నదిగా గనబడవచ్చును. కాని నేడు అనేక గృహములలో ఆస్పత్రినుండి తిరిగి వచ్చిన కుమారుని గుఱించియో కుమార్తెను గుఱించియో మొట్టమొదట జరుగు తగవు దీనిని గుఱించియే.

ఈ తగవు అంతర్జాలముతో పుట్టినది కాదు. అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అను యువకుడు 1900 మొదలు 1903 వఱకు మూడు మానసిక వైద్యశాలలలో నుండెను. అక్కడ తాను పొందిన దెబ్బలను, బంధనములను గుఱించి బయటివారికి తెలుపవలెనని అతడు నిశ్చయించుకొనెను. ఆ స్థితిలో నున్నవానికి జాబు వ్రాయుట కూడ తేలిక కాదు. వ్రాసినదానిని గోడ దాటించుట అంతకంటె కష్టము. తుదకు అతడు రాష్ట్ర గవర్నరునకే ఒక లేఖను రహస్యముగా పంపగలిగెను. స్వస్థుడై వెలుపలికి వచ్చిన పిదప 1908లో తన అనుభవములను గ్రంథముగా ప్రకటించెను. మఱుసటి సంవత్సరమే మానసికారోగ్యము కొఱకు ఒక జాతీయసంఘమును స్థాపించెను. ఆ దేశమున మానసిక వైద్యశాలల సంస్కరణమునకు బీజము వేసినవారిలో ఒక వైద్యశాలలోని రోగి యుండెనని మనము మఱువరాదు. నాటి రోగికి కాగితము, కలము ఎట్టివో నేటి రోగికి సెల్‌ఫోను అట్టిది.

మన దేశపు స్థితి యెట్టిదో చూతము. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో యొక మానసికవ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. ఆయా వ్యాధులను బట్టి నూటికి 70 మొదలు 92 మంది వఱకు చికిత్స పొందుటయే లేదు. వైద్యులు కొఱతగా నుండుట ఒక కారణము. లక్షమంది ప్రజలకు ఒక్క మానసిక వైద్యుడు కూడ లేని దేశము మనది. కాని వైద్యుడున్నచోట సైతము రోగి గుమ్మము దాటి లోనికి పోకుండుటకు వేఱొక కారణ మున్నది. హైదరాబాదులో ఎఱ్ఱగడ్డ యను పేటపేరు తిట్టుగా మాఱినది. చెన్నపట్టణమున కీళ్పాక్ అట్లే, ఉత్తరదేశమున రాంచీ, ఆగ్రా పట్టణములు అట్లే. చికిత్స చేయు చోటు పేరే ఎగతాళి యైనపుడు, పట్టపగలు ఆ ద్వారమున ప్రవేశించుటకు ఎంత ధైర్యము కావలెను! పెండ్లి కావలసిన పిల్ల యున్న ఇంటివారికి ఆ ధైర్యము ఎక్కడనుండి వచ్చును?

ఇట్టి స్థితిలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో జరిగిన యొక ప్రయత్నము మిక్కిలి శ్రద్ధతో చూడదగినది. మన దేశమున తొలి మహిళా మానసిక వైద్యురాలిగా ప్రసిద్ధికెక్కిన డాక్టరు శారదా మీనన్ 1984లో చెన్నైలో స్థాపించిన 'స్కార్ఫ్' సంస్థవారు 2010లో ఆ జిల్లాలో ఒక బస్సును నడుపసాగిరి. ఆ బస్సులో ఒక చిన్న గది, ఒక తెర, మందుల అర. బస్సు గ్రామమునకు పోయి నిలుచును. రోగి లోపల కూర్చుండును. వైద్యుడు దూరముగా చెన్నైలో కూర్చుండి తెరమీద అతనితో మాటాడును. మాట ముగిసిన పిమ్మట వైద్యుడు వ్రాసిన మందులు ఆ బస్సులోనే ఉచితముగా దొరకును. కూలి మానుకొని, బస్సు ఖర్చులు పెట్టుకొని, రోగిని వెంట బెట్టుకొని నగరమునకు పోవలసిన పని తప్పినది.

ఈ యేర్పాటులో యంత్రము చేసిన పని యెంత? మాటను మోసికొని పోవుటయే. వైద్యుడు మానవుడే, మందు నిచ్చినవారు మానవులే, ఊరిలో తిరిగి "మీ అబ్బాయి ఈ మాసము మందు పుచ్చుకొనుచున్నాడా?" యని అడిగినవారును మానవులే. అయినను ఆ మోతపని లేనిచో తక్కినదంతయు చెన్నైలోనే నిలిచిపోయెడిది. యంత్రమును పొగడువారును నిందించువారును ఈ బస్సును ఒకమారు తలచుకొన్నచో వారి మాటలలో కొంత మితము వచ్చునని నా నమ్మకము.

అటుపిమ్మట పని విస్తరించినది. 2020 మార్చిలో కేంద్రప్రభుత్వము దూరవైద్యమునకు నియమములను ప్రకటించినది. కోవిడు మహమ్మారి వలన దేశమంతయు తలుపులు మూసికొన్న దినములవి. 2022 అక్టోబరు 10వ తేదీన 'టెలి మానస్' అను సేవ ఆరంభమైనది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ సమయమున ఫోను చేసినను శిక్షణ పొందినవారు పలుకుదురు. తెలుగుతోబాటు ఇరువది భాషలలో ఈ సేవ గలదు. 2025లో ఈ పిలుపుల సంఖ్య ఇరువది లక్షలను దాటినది. 2024 అక్టోబరులో దీనికి సెల్‌ఫోను ఆప్ కూడ వచ్చినది, ముఖాముఖిగా తెరపై మాటాడు సౌకర్యమును ఆరంభమైనది. రాత్రి రెండుగంటల వేళ నిద్ర పట్టక, ఎవరిని లేపుటకును మనసొప్పక కూర్చున్నవానికి తన భాషలో పలుకు ఒక గొంతు దొరకుట సామాన్యమైన సంగతి కాదు. ఎఱ్ఱగడ్డ ద్వారము దాటవలసిన పని లేదు. పేరు చెప్పనక్కఱ లేదు.

అయినను ఇదంతయు చికిత్సను రోగి యొద్దకు చేర్చుటయే. ఇచ్చువాడు వైద్యుడు, పుచ్చుకొనువాడు రోగి యను పాతసంబంధము ఇందు మాఱలేదు. అంతర్జాలము వలన కలుగు బలములో విశేషమైన భాగము వేఱొకచోట నున్నది. ఒక రోగి మఱియొక రోగికి తోడు దొరకుటలో నది యున్నది.

దీనికి ముందుమాట వంటి సంఘటన 1987లో హాలెండులో జరిగినది. మారియస్ రోమ్ అను మానసిక వైద్యుని యొద్దకు వచ్చుచుండిన పాట్సీ హేగ్ అను స్త్రీకి చెవిలో ఎవరో మాటాడుచున్నట్లు స్వరములు వినబడుచుండెను. మందులు ఆమెకు అంతగా పనిచేయలేదు. ఆ స్వరములు కేవలము అర్థములేని రోగలక్షణములని త్రోసివేయుటను ఆమె అంగీకరింపలేదు. ఇట్టి అనుభవము గలవారు ఇంక నెవరైన నున్నారేమో తెలిసికొందమని ఇరువురును టెలివిజనులో కనబడి మాటాడిరి. సుమారు ఏడువందల మంది ఫోను చేసిరి. వారిలో నాలుగువందల యేబదిమందికి స్వరములు వినబడుచుండెను. ఆశ్చర్యకరమైన విషయ మేమనగా, వారిలో నూటయేబదిమంది తాము ఆ స్వరములతో ఏదో యొక విధముగా నెగ్గుకొని వచ్చుచున్నామని చెప్పిరి. ఆ సంవత్సరమే వారిలో అనేకులు ఒకచోట సమావేశమైరి. స్వరములు వినువారు ఒకరికొకరు తోడగు సంఘములు పిదప పలు దేశములలో వెలసినవి.

ఆ యేడువందలమందిలో ప్రతివాడును ఆ దినము వఱకు లోకములో తా నొక్కడే యిట్టివాడనని తలంచి యుండును. ఒక్కరాత్రి టెలివిజను చేసిన ఆ పనిని నేడు అంతర్జాలము ప్రతిదినము చేయుచున్నది. కడప జిల్లాలోని పల్లెలో నున్న యువకుని ఊహింతము. పందొమ్మిదేండ్ల వయస్సున చదువు మధ్యలో వ్యాధి వచ్చినది. మిత్రులు ఒక్కొక్కరుగా తొలగిరి. అతనికి తెలిసినంతవఱకు ఆ మండలములో తనవంటివాడు లేడు. ఉన్నను ఆ యింటివారును దాచియే యుందురు. అట్టివాడు తెరపై, తనకు వచ్చిన వ్యాధియే వచ్చి, పదియేండ్లు మందు పుచ్చుకొనుచు, ఉద్యోగము చేసికొనుచున్న యొకని మాటలను చదివినచో కలుగు ఊరట వైద్యుని నూరు ఆశ్వాసనములకంటె గొప్పది. ఏలయన, వైద్యుడు "నీవు కోలుకొందువు" అని చెప్పును. అతడు "నేను ఈ దారిలోనే నడచితిని" అని చెప్పును. మఱికొంత కాలమునకు మన యువకుడే మఱియొక క్రొత్తవానికి జవాబు వ్రాయును. మందు వలన నోరెండిపోవుట, బరువు పెరుగుట, ఇంటర్వ్యూలో చదువు మధ్య ఖాళీ గుఱించి అడిగినపుడు ఏమి చెప్పవలెననుట మొదలగు సంగతులలో అతని కున్న జ్ఞానము ఎవ్వరికిని లేదు. అంతవఱకు పుచ్చుకొనుటకే పుట్టినవాడని ఇంటిలో భావింపబడినవాడు ఇచ్చువాడైనాడు. బల మనుపేరు దీనికే తగును.

వ్రాతలో నున్న మఱియొక సౌకర్యమును సామాన్యముగా ఎవరును గమనింపరు. ఎదురుగా కూర్చుండి మాటాడునపుడు జవాబు వెంటనే చెప్పవలెను. మనోవ్యాధి వలనను, మందుల వలనను ఆలోచన నెమ్మదించినవానికి అది కఠినపరీక్ష. అతడు మాట వెదకుకొనులోపల ఎదుటివాడు జాలిపడును, లేక తానే వాక్యమును పూరించును. వ్రాతలో ఆ తొందర లేదు. ప్రొద్దున వచ్చిన ప్రశ్నకు సాయంకాలము జవాబు వ్రాయవచ్చును; నాలుగుమారులు దిద్దవచ్చును; వణకు చేయి కనబడదు, నిలుకడలేని చూపు కనబడదు. చదువువానికి అతని మాట మాత్రమే చేరును. ఇంగ్లాండులో చాడ్ వరా 1953లో స్థాపించిన 'సమారిటన్స్' సంస్థ నిరాశ చెందినవారితో టెలిఫోనులో మాటాడుట కొఱకే పుట్టినది. 1994 నాటికే వారు ఈమెయిలు ద్వారా కూడ జాబులను స్వీకరింపసాగిరి. నోటితో చెప్పలేని మాటను వ్రేళ్లతో చెప్పగలవా రుందురని వారు గ్రహించిరి. జాన్ సూలర్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 2004లో ఈ విషయమును చర్చించుచు, ముఖము కనబడనిచోట మానవుని సంకోచము సడలుననియు, ఆ సడలుటయే ఒకప్పుడు హృదయము విప్పుటకును మఱియొకప్పుడు క్రూరముగా మాటాడుటకును దారితీయుననియు వివరించెను.

ముఖము చూడని స్నేహము స్నేహమా యని పెద్దలు కొందఱు ఆక్షేపింతురు. ఈ యాక్షేపణ విననిదే తీసివేయదగినది కాదు. కాని మన తండ్రుల కాలమున కార్డుముక్కలపైననే ఎన్ని స్నేహములు, ఎన్ని ఉపదేశములు జీవితాంతము సాగలేదు! దూరమున నున్న గురువునకు ఉత్తరము వ్రాసి, జవాబు వచ్చువఱకు తపాలా బంట్రోతు రాక కొఱకు ఎదురుచూచినవారు ఆ సంబంధమును కృత్రిమమని తలంపలేదు. ముఖము చూచుచునే హృదయము చూడని ఇరుగుపొరుగు కంటె, ముఖము చూడకయే హృదయము విన్న దూరపువాడు మేలు. అయితే తెరవద్దనే ఆగిపోయి, ఎదుటనున్న తల్లితో కూడ మాటాడుట మానివేసినచో, అది ఊతకఱ్ఱనే కాలు అనుకొనుట యగును. దూరపు స్నేహము వలన తేరుకొన్నవాడు కొన్నాళ్లకు వీధిలోనికి వచ్చుచున్నాడా లేదా యని చూడవలెను.

ఇంక అపాయముల సంగతి. ఇవి ఊహలు కావు. లండనులో ఒక పదునాలుగేండ్ల బాలిక మరణమును గుఱించి విచారించిన అధికారి 2022లో, ఆత్మహింసను గుఱించిన చిత్రములను, వ్రాతలను ఆమె ముందు వరుసగా కుప్పవోసిన సామాజిక మాధ్యమములు కూడ ఆ మరణమునకు కారణములలో చేరినవని నిర్ణయించెను. ఫిన్లాండు దేశమున మనోచికిత్స చేయు ఒక సంస్థనుండి దొంగిలింపబడిన సుమారు ముప్పదిమూడువేల మంది రోగుల రహస్యములను పట్టుకొని, 2020లో ఒక నేరస్థుడు ఆ రోగులకే నేరుగా సందేశములు పంపి, డబ్బు ఇయ్యకున్నచో బయటపెట్టెదనని బెదరించెను. వైద్యునికి మాత్రమే చెప్పుకొన్న మాట అంగడిలో పడునను భయము ఆరోగ్యవంతునికే భరింపరానిది. మనోవ్యాధిగ్రస్తుని సంగతి చెప్పనేల?

మఱియొక అపాయము సూక్ష్మమైనది. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు 'ఎలైజా' అను కంప్యూటరు ప్రోగ్రామును ప్రకటించెను. అది మనోవైద్యునివలె నటించి, మనము చెప్పిన మాటలనే కొంచెము త్రిప్పి ప్రశ్నగా మనకే అప్పగించును. దానికి ఏమియు తెలియదు. అయినను ఆచార్యుని కార్యదర్శిని దానితో మాటాడుచు, కొంతసేపు మీరు గది వెలుపల నుండుడని ఆయననే కోరినదట! ఆ సంగతి ఆయనను కలవరపఱచినది; తరువాతి జీవితమున ఆయన కంప్యూటర్లను గుఱించి హెచ్చరికలు చేసెను. నేటి సంభాషణయంత్రములు ఎలైజాకంటె వేయిమడుగులు నేర్పుగలవి. తన్నెవరో వెంటాడుచున్నారను భ్రమలో నున్నవాడు వాటితో మాటాడినచో, అవి అతనిని ప్రసన్నుని చేయుటకై ఔనౌనని తల యూపు ప్రమాదము గలదు. అదే స్థితిని దాటివచ్చిన తోడిరోగి యట్లు తల యూపడు. అతనికి ఆ త్రోవ యెక్కడికి పోవునో తెలియును.

ఈ అపాయములను చూచియే ఇంటివారు ఫోను లాగుకొందురు. వారి భయమును పరిహసించుట సులభము, కాని న్యాయము కాదు. ఉన్మాదము, విషాదము ఒకదానివెంట నొకటి వచ్చు బైపోలార్ వ్యాధిలో ఉన్మాదదశ యెట్టిదో ఆ యింటివారిని అడుగవలెను. రోగికి నిద్ర తగ్గును, ఉత్సాహము పొంగును. ఒక్క రాత్రిలో బంధువులందఱికిని వందల సందేశములు పోవును. పైయధికారికి తిట్లు పోవును. బ్యాంకులోని సొమ్ము తెల్లవారులోపల వస్తువులుగా మాఱి గుమ్మములో దిగును. తేరుకొన్న పిదప సిగ్గుపడువాడు ఆ రోగియే. ఆ సిగ్గే మరల విషాదదశకు దారితీయగలదు. అట్టి రాత్రి ఫోనును దాచిన తల్లిని ఎవరు తప్పుపట్టగలరు?

కాని ఆ రాత్రి దాచిన ఫోను మూడుమాసములైనను బీరువాలోనే యున్నదా? అక్కడ తప్పు మొదలగుచున్నది. వ్యాధి తగ్గినది, మందు పుచ్చుకొనుచున్నాడు, నిద్రించుచున్నాడు; ఐనను "నీకెందుకు?" అను ఒక్కమాటతో అతని ప్రశ్న ముగియుచున్నది. భయము కొఱకు తీసికొన్న అధికారము సౌకర్యము కొఱకు నిలిచిపోయినది. ఇందు ఇంటివారి దుర్మార్గ మేమియు లేదు. ప్రేమ యొక్కటియే ఈ పని చేయగలదు. అందుచేతనే దీనిని కనిపెట్టుట కష్టము. యుద్ధరంగమున విల్లు జాఱవిడిచి కూలబడిన అర్జునునకు అంత బోధ చేసిన పిమ్మట కూడ, నిర్ణయమును శ్రీకృష్ణుడు తాను తీసికొనక అర్జునునికే విడిచెను. అర్జునుని శోకము మనోవ్యాధి యని నా యభిప్రాయము కాదు. మేలు చేయువాడు ఎక్కడ ఆగవలెనో అందు కనబడుచున్నదని మాత్రమే చెప్పుచున్నాను.

ఈ విషయమున మన చట్టము మన గృహములకంటె ముందు నడచుచున్నది. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో మనోవ్యాధిగ్రస్తుల నుంచిన యొక ప్రైవేటు గృహమునకు నిప్పంటుకొని 28 మంది మరణించిరి; గొలుసులతో కట్టబడి యుండుటచే పరుగెత్తలేకపోయిరి. 2007లో మన దేశము వికలాంగుల హక్కులను గుఱించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ధ్రువపఱచినది. ఆ ఒడంబడికకు అనుగుణముగా 2017లో చేయబడి, 2018 మే 29 మొదలు అమలులోనికి వచ్చిన మానసికారోగ్య సంరక్షణ చట్టము గొలుసులను నిషేధించినది. అంతేకాదు, దాని 26వ సెక్షను మిక్కిలి గమనింపదగినది. వైద్యశాలలో చేర్చబడిన రోగికి కూడ, సంస్థ నియమములకు లోబడి, తగిన వేళలలో ఫోనులో మాటాడుటకును, ఈమెయిలు ద్వారా జాబులు పంపుటకును పొందుటకును హక్కు గలదని ఆ సెక్షను చెప్పుచున్నది. క్లిఫర్డ్ బీర్స్ దొంగతనముగా గవర్నరునకు లేఖ పంపవలసి వచ్చెను. నేటి భారతదేశమున ఆస్పత్రి మంచముమీద నున్న రోగికి చట్టము ఆ హక్కు నిచ్చినది. స్వస్థుడై ఇంటికి వచ్చినవాని చేతినుండి దానిని మనము తీసికొనుచున్నాము!

స్త్రీల విషయమున తీసికొనుట యను మాటయే తగదు, ఉన్నగదా తీసికొనుట? 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశమున పదునైదు మొదలు నలుబదితొమ్మిది యేండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 54 మంది మాత్రమే తాము వాడుకొను ఫోను కలవారు. ఎన్నడైనను అంతర్జాలమును వాడినవారు పురుషులలో నూటికి 57 మంది, స్త్రీలలో 33 మంది. తెలంగాణలో ఆ స్త్రీల సంఖ్య 26.5, ఆంధ్రప్రదేశమున 21 మాత్రమే. తరువాతి సంవత్సరములలో ఈ సంఖ్యలు పెరుగుట సహజమే. కాని ఫోను భర్తదో, అన్నదో యైనపుడు, వాని యెదుట కూర్చుండి ఆమె 14416కు ఏమి చెప్పుకొనగలదు? ప్రసవానంతరము మనస్సు చెదరిన యువతికి అత్తగారి ఫోను చేతికిచ్చి, స్పీకరు పెట్టి మాటాడుమన్నచో ఆమె "బాగున్నాను" అనియే చెప్పును. ఒంటరిగా పది నిమిషములు, తలుపు వేసికొన్న గది, తన దనదగిన యొక ఫోను: ఇవి ఆమె చికిత్సలో భాగములని వైద్యులు చీటీమీద వ్రాయరు, కాని వ్రాయదగినవే.

మరల ఆ తగవునకే వత్తము. రోగి స్వాతంత్ర్యమును, ఇంటివారి భయమును రెండింటిని గౌరవించు మార్గ మొకటి ఆ చట్టములోనే యున్నది. దాని 5వ సెక్షను ప్రకారము వయోజనుడైన ప్రతివ్యక్తియు, తాను స్వస్థుడుగా నున్నపుడు, మున్ముందు వ్యాధి వచ్చినచో తన కెట్టి చికిత్స చేయవలెనో, ఎట్టిది చేయకూడదో, తన పక్షమున ఎవరు మాటాడవలెనో ముందుగా వ్రాసి యుంచవచ్చును. స్వస్థుడైన తానే అస్వస్థుడైన తనకు సంరక్షకుడగుట యను భావ మిది. నా యెఱుకలో మన శాసనములలో ఇంత సున్నితమైన ఆలోచన అరుదు. చట్టమున నిది వైద్యమును గుఱించినదే. ఐనను ఇంటిలో, ఎవరి ముద్రయు అక్కఱలేకుండ, ఫోను విషయమున కూడ ఇట్టి కాగితము వ్రాసికొనుటకు అడ్డేమి?

అట్టి కాగితమును వ్రాయవలసినవాడు రోగియే, తల్లిదండ్రులు సాక్షులు. వరుసగా రెండు రాత్రులు తనకు నాలుగు గంటలకంటె తక్కువ నిద్ర పట్టినచో, మూడవ రాత్రి తొమ్మిదింటికి ఫోనును చెల్లెలి కిత్తునని అతడు వ్రాయవచ్చును. ఆమెను నమ్మునట్లు తండ్రిని నమ్మనిచో ఆ మాటయు వ్రాయవచ్చును. బ్యాంకు ఖాతాకు రోజునకు ఇంత సొమ్మని పరిమితి పెట్టుకొనవచ్చును. ఫోను ఇచ్చివేసిన దినములలో కూడ వైద్యునికిని, 14416కును, తనకు తోడైన ఒక దూరపు మిత్రునికిని ఇంటిలోని వేఱొక ఫోనునుండి మాటాడుటకు అడ్డుపెట్టరాదని వ్రాయవచ్చును. తన సందేశములను ఎవరును చదువరాదని వ్రాయవచ్చును. ఫోను తిరిగి ఇచ్చుటకు ఇంటివారి మనస్సు కుదుటపడుట కాక, ఇన్ని రాత్రుల నిద్ర యను లెక్కయే గుఱుతుగా నుండవలెనని వ్రాయవచ్చును. ఏలయన తల్లి మనస్సు కుదుటపడుట కొన్ని యిండ్లలో ఎన్నటికిని జరుగదు. మొదటిమారు ఆ కాగితము సరిగా పనిచేయకపోవచ్చును. ఉన్మాదదశలో అతడు దానిని చింపివేయుటకు కూడ ప్రయత్నింపవచ్చును. అందుచేత ప్రతి ఒకటి చెల్లెలి యొద్ద నుండవలెను. వ్యాధి తగ్గిన పిదప అందఱును కూర్చుండి, ఏ మాట నిలిచినది, ఏది నిలువలేదని చూచి, అతని చేతనే దానిని మరల వ్రాయింపవలెను. ఇట్లు రెండు మూడు మార్లు తిరుగవ్రాసిన కాగితము ఆ యింటిలో రేషను కార్డు ప్రక్కన పెట్టదగినది. ఇంకొక ప్రతి అతని ఫోనులోనే యుండవచ్చును.